సెకండ్ హ్యాండ్ ఫోన్, ల్యాప్‌టాప్ అమ్మి యూపీఐలో డబ్బు తీసుకుంటున్నారా? రీఫండ్ గొడవలపై సమగ్ర మార్గదర్శి

ఓఎల్‌ఎక్స్‌లోనో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో ప్రకటన పెడతాం. ఎవరో ఫోన్ చేస్తారు, బేరం కుదురుతుంది, మెట్రో స్టేషన్ దగ్గర కలుస్తారు. వస్తువు చూసుకుని, యూపీఐ కొట్టి వెళ్లిపోతారు. అమ్మినవాళ్లలో చాలామంది లెక్క అక్కడితో తేలిపోయిందనుకుంటారు. గొడవ వస్తే ఆ తర్వాతే వస్తుంది, అదీ మూడు రకాలుగా. కొన్నవాళ్లు రాత్రికి ఫోన్ చేసి "ఇది పని చేయట్లేదు, డబ్బు వెనక్కి వేయండి" అంటారు. లేదా "పొరపాటున వేరే ఖాతాకు పంపాను" అని తమ బ్యాంకులో ఫిర్యాదు పెడతారు. మూడోది అన్నిటికంటే ప్రమాదం. మీరెప్పుడూ చూడని మనిషెవరో సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి మోసపోయానని చెబుతారు. ఆ డబ్బు చేరింది మీ ఖాతాకు కాబట్టి, ఆగిపోయేది మీ ఖాతా.

ఈ మూడింటిలో ఏది వచ్చినా మిమ్మల్ని కాపాడేది ఒక్కటే: ఈ మనిషి, ఈ వస్తువు, ఈ డబ్బు ఒకే లావాదేవీకి చెందినవని చూపించే ఆధారం. అది గొడవ వచ్చాక పుట్టదు. అమ్మే రోజునే తయారు కావాలి. అందుకే ఈ మార్గదర్శిలో సగం అమ్మకానికి ముందు చేయాల్సిన పనుల గురించే ఉంటుంది.

మొదటి మెట్టు: ప్రకటన పెట్టకముందే

ఫోన్‌లో *#06# కొడితే ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు) నంబర్ కనిపిస్తుంది. కొన్నప్పటి బిల్లు మీద, డబ్బా మీద ఉన్న నంబర్‌తో అది కలుస్తోందో లేదో చూడండి. ఇంగ్లిష్‌లో కేవైఎం అని మూడక్షరాలు రాసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ కొట్టి 14422కి మెసేజ్ పంపితే ఆ నంబర్ బ్లాక్ అయిందో లేదో తెలుస్తుంది. 2023 మే నుంచి దేశమంతా అందుబాటులోకి వచ్చిన టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లోనూ ఇదే చూడొచ్చు. మీరు కూడా ఆ ఫోన్‌ను సెకండ్ హ్యాండ్‌లోనే కొని ఉంటే ఈ పని తప్పకుండా చేయండి. దొంగ సొత్తని తెలిసీ అమ్మడం ఒక నేరం. తెలియక అమ్మినా, పోలీసు స్టేషన్ చుట్టూ తిరిగే బాధ మాత్రం తప్పదు.

ఈఎంఐ బాకీ ఉన్న ఫోన్‌ను అమ్మకండి. ఫైనాన్స్ మీద ఇచ్చిన ఫోన్లలో కొన్నిటికి లాక్ యాప్ ఉంటుంది. మీరు ఒక్క వాయిదా తప్పినా కొన్నవాళ్ల చేతిలో ఫోన్ ఆగిపోతుంది. ఆ రోజు వాళ్లు రీఫండ్ అడిగితే అందులో అన్యాయం ఏమీ లేదు.

ప్రకటనలో ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఇది నీతి కోసం మాత్రమే చెప్పడం లేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16 ప్రకారం వస్తువు నాణ్యతకు అమ్మినవాళ్లు మామూలుగా హామీదారులు కారు. చూసుకుని కొనే బాధ్యత కొనేవాళ్లదే. కానీ సెక్షన్ 15 ప్రకారం, వర్ణన చూసి కొన్న వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 ప్రకారం తెలిసిన లోపాన్ని కావాలని దాచిపెట్టడం మోసం కిందికి వస్తుంది. అప్పుడు కొన్నవాళ్లు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. డిస్‌ప్లే మార్పించారా? రాయండి. ఛార్జింగ్ పిన్ లూజుగా ఉందా? రాయండి. నీళ్లలో పడి బాగైందా? అదీ రాయండి. ఐదొందలో వెయ్యో ధర తగ్గుతుందేమో గానీ, ఆ లోపం పేరు చెప్పి రేపు డబ్బు వెనక్కి అడిగే దారి మూసుకుపోతుంది. వస్తువు అమ్ముడుపోయాక ప్రకటన తీసేస్తాం కాబట్టి, దాని స్క్రీన్‌షాట్లు ముందే దాచుకోండి.

చాలామంది మరిచిపోయే విషయం ఇంకొకటి ఉంది. అమ్మబోయే ఫోన్‌లోనే మీ సిమ్, యూపీఐ యాప్ ఉంటాయి. డబ్బు వచ్చిన మెసేజ్ దానికే వస్తుంది, ఆ ఫోన్ అప్పటికే కొనేవాళ్ల చేతిలో ఉంటుంది. అందుకే రెండు రోజుల ముందే సిమ్‌నీ బ్యాంకు యాప్‌లనూ వేరే ఫోన్‌కు మార్చుకోండి. కొత్త ఫోన్‌లో యూపీఐ మొదలుపెట్టాక తొలి 24 గంటలు పంపే మొత్తానికి ₹5,000 పరిమితి ఉంటుంది. అమ్మిన రోజే మార్చుకుంటే, నిజంగా రీఫండ్ ఇవ్వాల్సి వచ్చినా వెంటనే ఇవ్వలేరు.

డబ్బును జీతం పడే ఖాతాకో, ఇంటి లోన్ ఈఎంఐ కట్ అయ్యే ఖాతాకో తీసుకోకండి. ఇంకో సేవింగ్స్ ఖాతా ఉంటే దాన్ని యూపీఐకి జోడించి పెట్టుకోండి. ఖాతా ఆగిపోయినా ఇల్లు ఆగిపోకుండా ఉండాలంటే ఈ జాగ్రత్త చాలా అవసరం.

రెండో మెట్టు: ఫోన్లో బేరం, బయానా

మాటలు వాట్సాప్‌లో సాగితే మంచిదే, కాకపోతే మెసేజ్‌లు వాటంతట అవే మాయమయ్యే సెట్టింగ్ ఆపేయండి. ఫోన్లో ధర కుదిరితే వెంటనే ఒక మెసేజ్ పెట్టండి: "ఇప్పుడు మాట్లాడుకున్నట్టు ధర ₹18,000. కుడి అంచున గీత ఉంది, బ్యాటరీ హెల్త్ 81 శాతం. రేపు కలిసినప్పుడు చూసుకుని తీసుకోండి." అవతలివాళ్లు "సరే అండి" అని జవాబిస్తే ఆ రెండు మాటలే తర్వాత సాక్ష్యం.

బయానా తీసుకుంటే, ఎన్నాళ్లు ఆగుతారో, రాకపోతే ఆ డబ్బు ఏమవుతుందో అప్పుడే రాసి పెట్టండి. నా సలహా అయితే, చేతికిచ్చే అమ్మకంలో బయానా తీసుకోకపోవడమే మేలు. ఐదొందల బయానా మీద వచ్చే తగాదాకు ఐదువేల రూపాయల మనశ్శాంతి పోతుంది.

క్యూఆర్ పంపి "స్కాన్ చేయండి, మీకు డబ్బు పడుతుంది" అంటే మాట్లాడటం అక్కడే ఆపేయండి. యూపీఐలో డబ్బు రావడానికి స్కానూ అక్కర్లేదు, పిన్నూ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే డబ్బు మన ఖాతాలోంచి పోతున్నట్టే. మనుషుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులను (డబ్బు పంపమని యాప్‌లో వచ్చే అభ్యర్థనలను) యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపించింది గానీ, క్యూఆర్ పేరుతో, "రీఫండ్ లింకు" పేరుతో వల ఇంకా వేస్తూనే ఉన్నారు.

మూడో మెట్టు: కలిసే చోటు, చూపించే వరుస

సీసీటీవీ ఉన్న చోట, పగటిపూట కలవండి. మెట్రో స్టేషన్, బ్యాంకు శాఖ, రద్దీగా ఉండే కాఫీ షాపు, ఏదైనా సరే. హైదరాబాద్‌లో అయితే ల్యాప్‌టాప్‌కు సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్), ఫోన్‌కు అబిడ్స్ జగదీశ్ మార్కెట్ పరిసరాలు అనువుగా ఉంటాయి. కొనేవాళ్లకు అనుమానం వస్తే పక్క షాపులోనే చూపించుకోవచ్చు. మీతో ఇంకొకరు ఉంటే వాళ్లే సాక్షి.

చూపించే పని తొందరపడి చేయకండి. కొనేవాళ్లు "పర్లేదండీ, బాగానే ఉంది" అని రెండు నిమిషాల్లో ముగిస్తే మీరే ఆపండి. వాళ్ల సిమ్ వేయించి కాల్ చేయించండి. స్పీకర్, మైక్, రెండు కెమెరాలు, వేలిముద్ర, వైఫై, ఛార్జింగ్ ఒక్కొక్కటీ వాళ్ల చేతనే చేయించండి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్, మార్చిన విడిభాగాల వివరం చూపించండి. విండోస్ ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ రిపోర్ట్ తీసి చూపించండి, కీబోర్డులో ప్రతి మీటా నొక్కించండి, ఛార్జర్ తీసేసి పది నిమిషాలు నడవనివ్వండి. ఇదంతా జరుగుతుండగా ఒక వీడియో తీయండి. ఫోన్ పని చేయడం, తెరపై ఐఎంఈఐ, గీతలు, ఫోన్‌ను పట్టుకున్న కొనేవాళ్ల చేతులు అందులో పడాలి. వీడియో తీస్తున్నానని ముందే చెప్పండి. నిజంగా కొనడానికి వచ్చినవాళ్లు అభ్యంతరం చెప్పరు. అది వాళ్లకూ రక్షణే.

వరుస ముఖ్యం: ముందు పరీక్ష, తర్వాత డబ్బు, ఆ తర్వాత ఖాతాల తొలగింపు, రీసెట్, చివర రసీదు, అప్పగింత. డబ్బు పడ్డాక వాళ్ల కళ్ల ముందే ఆపిల్ ఐడీ లేదా గూగుల్ ఖాతా నుంచి బయటికొచ్చి, ఈ-సిమ్ తీసేసి, రీసెట్ చేయండి. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే ఫోన్ మళ్లీ మీ పాస్‌వర్డే అడుగుతుంది. "లాక్ పడింది, డబ్బు వెనక్కి ఇవ్వండి" అనే ఫోన్లలో చాలా వాటికి మూలం ఇదే. వాళ్ల ఖాతాతో ఫోన్ తెరుచుకుని హోమ్ స్క్రీన్ వచ్చేదాకా అక్కడే ఉండండి.

నాలుగో మెట్టు: డబ్బు ఎవరి పేరుతో వస్తోంది

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టే గుర్తుంచుకోగలిగితే, ఇది గుర్తుంచుకోండి.

ముక్కోణపు మోసం ఇలా జరుగుతుంది. మీరు కూకట్‌పల్లిలో ఫోన్ అమ్మకానికి పెట్టారనుకుందాం. మోసగాడు మీతో కొనేవాడిలా మాట్లాడతాడు. అదే సమయంలో మీ ఫోటోలే వాడి తక్కువ ధరకు ఇంకో ప్రకటన పెట్టి, వరంగల్‌లో ఒకరికి అమ్మేవాడిలా మాట్లాడతాడు. మీ దగ్గరికి తన మనిషిని పంపుతాడు. వరంగల్ మనిషికి మీ యూపీఐ నంబర్ ఇచ్చి "దీనికి డబ్బు వేయండి, కొరియర్ చేస్తా" అంటాడు. మీ ఖాతాకు డబ్బు నిజంగానే పడుతుంది. మీరు ఫోన్ ఇచ్చేస్తారు. కొరియర్ రాకపోయేసరికి వరంగల్ మనిషి ఫిర్యాదు చేస్తాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. మీరూ ఏ తప్పూ చేయలేదు. అయినా ఆ డబ్బు మీ ఖాతాలో ఆగిపోతుంది, ఫోన్ మాత్రం మోసగాడి దగ్గర ఉంటుంది.

దీన్ని ఆపే నియమం చాలా సులువు. ఎదురుగా నిలబడ్డ మనిషి పేరు, డబ్బు పంపినవాళ్ల పేరు ఒకటే కావాలి. ముందు ఒక్క రూపాయి పంపించమనండి. మీ యాప్‌లో ఎవరి పేరు వచ్చిందో చూడండి. డ్రైవింగ్ లైసెన్స్ మీద పేరుతో పోల్చండి. కలిస్తేనే మిగతాది. "మా అన్న వేస్తాడు", "మా ఫ్రెండ్ ఖాతాలో ఉన్నాయి", "నా లిమిట్ అయిపోయింది" అనేవి నిజమే కావొచ్చు. మామూలుగా ఒకరి నుంచి ఒకరికి యూపీఐలో రోజుకు లక్ష దాకా వెళ్తుంది. అది చాలకపోతే వాళ్ల సొంత నెట్‌బ్యాంకింగ్ నుంచి ఐఎంపీఎస్ (వెంటనే చేరే బ్యాంకు బదిలీ) చేయమనండి, లేదా మిగతాది నగదు అడగండి. అన్నగారే వేయాలంటే అన్నగారు వీడియో కాల్‌లో కనిపించి, ఏ వస్తువు కోసం ఎవరికి ఎంత వేస్తున్నారో తన నంబర్ నుంచి మీకు మెసేజ్ పెట్టాలి. ఒప్పుకోకపోతే బేరం వదులుకోండి. కొనేవాళ్లు ఇంకొకరు వస్తారు.

స్క్రీన్‌షాట్ నమ్మకండి. చెల్లింపు అయినట్టు టిక్కు మార్కు చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. పది అంకెల నంబర్ నుంచి "క్రెడిటెడ్" అని వచ్చే మెసేజ్ బ్యాంకుది కాదు. బ్యాంకు యాప్ తెరిచి, బ్యాలెన్స్‌లో తేడా చూసి, స్టేట్‌మెంట్‌లో లైను కనిపించాకే ఫోన్ చెయ్యి దాటాలి. సర్వర్ నెమ్మదిగా ఉంటే టీ తాగుతూ ఆగండి. విఫలమైన యూపీఐ బదిలీలో పంపినవాళ్ల ఖాతాలో కట్ అయిన డబ్బు మర్నాటికల్లా వాళ్లకే వెనక్కి చేరాలని ఆర్‌బీఐ 2019 నిబంధన. కాబట్టి "నాకు కట్ అయింది కదా" అన్న మాటకు జాలిపడి వస్తువు ఇవ్వాల్సిన అవసరం లేదు.

బంధువుల షాపు క్యూఆర్ మీద డబ్బు తీసుకోకండి. షాపు క్యూఆర్‌కు రూపే క్రెడిట్ కార్డుతోనూ చెల్లించవచ్చు, వ్యాపార చెల్లింపులకు వివాదం వేసే దారులు వేరుగా ఉంటాయి. మీ సొంత పేరు మీదున్న వ్యక్తిగత యూపీఐ ఐడీయే వాడండి.

ఐదో మెట్టు: అరపేజీ రసీదు

స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్ల కాగితం మీద రెండు కాపీలు చాలు:

"నేను ఫలానా, తేదీ ___, సమయం ___, ___ వద్ద, ___ మోడల్ ఫోన్ (ఐఎంఈఐ ___) ను ఫలానా గారికి ₹___ కు అమ్మాను. డబ్బు ఆయన సొంత ఖాతా నుంచి యూపీఐ ద్వారా అందింది, లావాదేవీ సంఖ్య ___. ఫోన్ వాడినది. ఉన్న లోపాలు: ___. కొన్నవారు పరీక్షించి, ఉన్న స్థితిలో తీసుకున్నారు. పాత బిల్లు, డబ్బా ఇచ్చాను. ఇద్దరి సంతకాలు, ఫోన్ నంబర్లు."

లావాదేవీ సంఖ్య అంటే 12 అంకెల యూటీఆర్. యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు తెరిస్తే ఉంటుంది. గుర్తింపు కోసం పూర్తి ఆధార్ అడగకండి, ఇవ్వకండి. చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ గానీ, లైసెన్స్ గానీ చాలు. సంతకం పెట్టిన రసీదు పట్టుకుని కొన్నవాళ్లు నిలబడ్డ ఫోటో ఒకటి తీసుకుంటే ఇంకా మంచిది.

పరీక్షించుకోవడానికి గడువు ఇవ్వాలా? ఫోన్‌కు అక్కర్లేదు, అరగంటలో అన్నీ చూసేయవచ్చు. ల్యాప్‌టాప్‌కు 24 గంటలు ఇవ్వడం న్యాయమని నేను అనుకుంటాను. వేడెక్కడం, ఉన్నట్టుండి ఆగిపోవడం లాంటివి కాసేపట్లో బయటపడవు. ఇస్తే, ఏ లోపానికి, ఎన్ని గంటలు అన్నది రసీదులోనే రాయండి.

ఆరో మెట్టు: "డబ్బు వెనక్కి ఇవ్వండి" అంటే

ముందు గొంతు పెంచకండి, నంబర్ బ్లాక్ చేయకండి. బ్లాక్ చేస్తే అమ్మి పారిపోయారన్న కథకు మీరే బలం ఇచ్చినట్టు. "సమస్య ఏమిటో వీడియో తీసి పంపండి, ఐఎంఈఐ కూడా కనిపించాలి" అని రాతలో అడగండి. దాన్ని మీ వీడియోతో పోల్చండి.

మీరు చెప్పని లోపం నిజంగా ముందు నుంచే ఉందని తేలితే డబ్బు తిరిగి ఇవ్వండి, లేదా బాగు చేయించే ఖర్చు భరించండి. చట్టం సంగతి తర్వాత, ఒకరి కష్టార్జితం అది. పగిలిన డిస్‌ప్లే, తడిసిన ఫోన్, "ఇంతకంటే తక్కువకు ఇంకో చోట దొరికింది" అన్న మాట మీ బాధ్యత కాదు. ఆ మాటే మర్యాదగా ఒక్కసారి రాసి, రసీదు ఫోటో జతచేయండి.

రీఫండ్ ఇవ్వాలని నిర్ణయించుకుంటే అదే చోట కలిసి, ముందు వస్తువు చేతికి తీసుకోండి. ఐఎంఈఐ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. మంచి బ్యాటరీ, డిస్‌ప్లే తీసేసి నాసిరకంవి బిగించి తెచ్చే అవకాశం ఉంది కాబట్టి పాత వీడియో పక్కన పెట్టుకుని చూడండి. ఫోన్‌లో వాళ్ల ఖాతా తీయించండి. డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే పంపండి, వేరే నంబర్‌కు వద్దు. నగదు ఇస్తే సంతకం తీసుకోండి. పాత రసీదు మీద "వస్తువు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇచ్చాను, ఇక బాకీ లేదు" అని ఇద్దరూ సంతకం చేయండి.

"ఎక్కువ పంపాను, మిగతాది ఇంకో నంబర్‌కు వేయండి" అనేది పాత ఎత్తు. నిజంగా ఎక్కువ వచ్చిందని స్టేట్‌మెంట్‌లో చూశాకే, వచ్చిన ఖాతాకే పంపండి.

ఏడో మెట్టు: బ్యాంకు నుంచి ఫోన్ వస్తే

కొన్నవాళ్లు "పొరపాటు బదిలీ" అని ఫిర్యాదు చేస్తే మీ బ్యాంకు మిమ్మల్ని సంప్రదిస్తుంది. ఇద్దరు వ్యక్తుల మధ్య పూర్తయిన యూపీఐ చెల్లింపును మీ అంగీకారం లేకుండా బ్యాంకు మామూలుగా వెనక్కి తీయదు. మౌనంగా ఉండకుండా అదే రోజు శాఖకు ఈమెయిల్ రాసి, రసీదు, చాట్, అప్పగించే ముందే తీసి పెట్టుకున్న వస్తువు బిల్లు ఫోటో జతచేయండి. బ్యాంకు మీ మాట పట్టించుకోకపోతే, రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి 30 రోజులు ఆగి, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లవచ్చు. వివరాలకు 14448.

ఎనిమిదో మెట్టు: ఖాతా ఆగిపోతే

ముందు శాఖకు వెళ్లి నాలుగు వివరాలు రాబట్టండి: మొత్తం ఖాతా ఆపారా, కొంత మొత్తం మీదే లీన్ (అంతవరకు తీయకుండా ఆంక్ష) పెట్టారా, ఎంత, సైబర్ క్రైమ్ పోర్టల్ ఫిర్యాదు సంఖ్య ఏది, ఏ రాష్ట్రం, ఏ పోలీసు స్టేషన్. ఆ స్టేషన్ గుజరాత్‌లోనో కేరళలోనో ఉండొచ్చు, టెన్షన్ పడకండి. మొదట కావాల్సింది ప్రయాణం కాదు, ఈమెయిల్. విచారణ అధికారికి ఒకే పీడీఎఫ్‌గా పంపండి: ఏం అమ్మారు, ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు అని ఒక పేజీ కథనం, దాని వెనక రసీదు, కొన్నవాళ్ల గుర్తింపు, పాత బిల్లు ఫోటో, చాట్, ఆ చెల్లింపు లైను ఉన్న బ్యాంకు స్టేట్‌మెంట్. బ్యాంకులో ఇలాంటి ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి కాపీ పెట్టండి. వివాదంలో ఉన్నది ₹18,000 అయితే లీన్ అంతవరకే ఉంచి మిగతా ఖాతా తెరవమని స్పష్టంగా అడగండి. కేరళ హైకోర్టు 2023లో ఇలాంటి కేసుల్లో వివాదంలో ఉన్న మొత్తానికే నిలుపుదలను పరిమితం చేయాలని చెప్పింది. ఆ మాట లేఖలో రాయవచ్చు.

పోలీసులు ఖాతాలను ఆపేది ఎక్కువగా కొత్త నేర విచారణ ప్రక్రియ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 106 కింద, పాత సీఆర్‌పీసీలో ఇది 102. లేఖలకు జవాబు రాకపోతే సెక్షన్ 503 కింద మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. లాయర్ ఖర్చు భారమైతే న్యాయ సేవాధికార సంస్థ నంబర్ 15100. చాట్లు, వీడియోలు కోర్టుకు ఇవ్వాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ అవసరం కాబట్టి అసలు ఫైళ్లు చెరిపేయకండి.

ఈ దశలో "ఇరవై వేలు వేస్తే అన్‌ఫ్రీజ్ చేయిస్తాం" అని టెలిగ్రామ్‌లో, వాట్సాప్‌లో తగిలేవాళ్లను దగ్గరికి రానీయకండి. ఫిర్యాదుదారుడినని చెప్పుకుని ఎవరో నేరుగా ఫోన్ చేసి డబ్బు అడిగినా పంపకండి. తిరిగి ఇవ్వాల్సి వస్తే విచారణ అధికారి రాతపూర్వక సూచన మీదే, లేదా కోర్టు ద్వారానే.

ముక్కోణపు మోసమని తేలితే మీరూ బాధితులే. ఆ మాట పోలీసు రికార్డులో ఉండాలి. 1930కి ఫోన్ చేసి, మీ స్టేషన్‌లో మీ తరఫు ఫిర్యాదు ఇవ్వండి. వస్తువు తీసుకెళ్లిన మనిషి వర్ణన, బండి నంబర్, కలిసిన సమయం చెప్పి సీసీటీవీ ఫుటేజీ వెంటనే భద్రపరచమని కోరండి, రోజులు గడిస్తే అది చెరిగిపోతుంది. ఆ ఫిర్యాదు కాపీతో సంచార్ సాథీలో ఐఎంఈఐని బ్లాక్ చేయించవచ్చు. ఎవరైనా ఆ ఫోన్‌లో సిమ్ వేస్తే జాడ పోలీసులకు చేరుతుంది.

గొడవ ఏదీ రాకపోయినా రసీదు, వీడియో, చాట్ బ్యాకప్‌లను 3 ఏళ్లు దాచండి. ఒప్పందం మీద సివిల్ దావా వేయడానికి ఉండే గడువు అంతే.